బొచ్చె పులుసులో మట్టి వాసన: తప్పు చెరువుదా, ఐసుదా, బజారుదా?

బరంపురం_పంతులు
రెండు ఆదివారాలుగా మా ఇంట్లో చేపల కూర గిన్నెలోనే మిగిలిపోతోంది. నలభై ఏళ్లుగా బరంపురం బజార్లలో చేపలు కొంటున్నవాడిని కనుక, నాకు కొనడం రాదని ఎవరూ అనకముందే వివరాలు చెబుతున్నాను. మొదటి ఆదివారం, ఊరికి పదిహేను కిలోమీటర్లలో ఉన్న చెరువులో ఆ ఉదయమే పట్టామని చెప్పి ఒక బొచ్చెను ఇచ్చారు. రెండు కిలోల పైన తూగింది, మొప్పలు మందార రేకుల్లా ఉన్నాయి, కన్ను తేటగా ఉంది, వేలితో నొక్కితే గుంట పడలేదు. తీరా పులుసు మరిగాక, తొలకరి చినుకులకు పెరడు ఎలా వాసన వేస్తుందో అదే వాసన గిన్నెలోంచి వచ్చింది. తోక ముక్క ఎలాగో తిన్నాను గానీ పొట్ట ముక్క నోట పెట్టలేకపోయాను, మనవడు "తాతయ్యా, ఇందులో చెరువు గట్టు కూడా వేశారా?" అని అడిగి పెరుగన్నం కలుపుకున్నాడు.

రెండో ఆదివారం విసుగెత్తి, ఆంధ్ర నుంచి లారీలో వచ్చిన శీలావతి కొన్నాను. దానికి మట్టి వాసన లేదు, కాని గరిటె తగిలితే చాలు, ముక్క తడిసిన దూదిలా విడిపోయింది, పొట్ట దగ్గర ముళ్లు కండ వదిలి బయటికి వచ్చేశాయి. ఒకదానికి వాసన, రెండోదానికి కండ. పెంచిన చేప ఎక్కడ చెడుతోంది, కొనేవాడి చేతిలో ఏమైనా ఉందా అన్నది నా ప్రశ్న.

తక్కెడ
చేపల కొట్టు నడిపేవాడిగా ముందే ఒక మాట చెప్పాలి, లేకపోతే ఈ చర్చ పది జవాబుల తరువాత నా మెడకే చుట్టుకుంటుంది. మట్టి వాసన చేపతోపాటు చెరువులోంచి వస్తుంది, కొట్టులో పుట్టదు. మేము ఎన్ని నీళ్లు పోసి కడిగినా అది పోదు. పంతులుగారు మొప్పలు చూశారు, కన్ను చూశారు, అన్నీ సరిగ్గా చూశారు. ఆ గుర్తులన్నీ తాజాదనాన్ని చెబుతాయి గానీ రుచిని చెప్పవు.

నీటి_రంగు
తక్కెడగారు చెప్పింది నిజం. ఆ వాసనకు కారణం మట్టి కాదు, జియోస్మిన్ అనే పదార్థం. దాని తోబుట్టువు లాంటిది మరొకటి ఉంది, పేరు 2-మిథైల్ ఐసోబోర్నియోల్. చెరువులో మేత ఎక్కువై, కోళ్ల ఎరువు ఎక్కువై, నీటి మీద నీలిపచ్చని పొర కట్టినప్పుడు ఆ పొరలోని సూక్ష్మజీవులూ, అడుగు బురదలో ఉండే మరికొన్ని జీవులూ వీటిని విడుదల చేస్తాయి. మనిషి ముక్కుకు జియోస్మిన్ అంటే ఎంత పట్టింపో చెప్పాలంటే, లీటరు నీటిలో గ్రాములో పది కోట్లో వంతు ఉన్నా చాలామంది పసిగట్టేస్తారు. వాన పడినప్పుడు నేల నుంచి వచ్చే కమ్మని వాసన కూడా ఇదే. పంతులుగారికి పెరడు గుర్తుకు రావడం ఉపమానం కాదు, అక్షరాలా అదే పదార్థం.

చేప దీన్ని ఎక్కువగా నోటితో తినదు, మొప్పల ద్వారా నీటిలోంచి లాక్కుంటుంది, అది కొవ్వులో చేరి కూర్చుంటుంది. అందుకే పొట్ట ముక్క భరించలేనిదిగా, తోక ముక్క తినదగినదిగా అనిపించింది. చేరడానికి గంటలు చాలు, పోవడానికి రోజులు పడుతుంది. బతికి ఉన్న చేపను శుభ్రమైన, పారే నీటిలో మేత లేకుండా కొన్ని రోజులు ఉంచడం ఒక్కటే నమ్మదగిన మార్గం. బాగా కొవ్వు పట్టిన చేపకు వారం దాటవచ్చు.

రాయగడ_రైలు
అంటే మా రాయగడకు వచ్చే చేపకు ఆ వాసన ఉండే ప్రశ్నే లేదు. బజారుకు చేరేసరికి అంతకంటే పెద్ద వాసన దాన్ని కప్పేస్తుంది.

చెరువు_గట్టు
ఇచ్ఛాపురం దాటాక ఒడిశా వైపు నాకు నాలుగెకరాల చెరువు ఉంది. నీటి_రంగు గారు చెప్పింది పుస్తకంలో చక్కగా ఉంటుంది. ఇప్పుడు గట్టు మీద నిలబడి చూడండి. చేపను తొట్టెలో వారం రోజులు మేత లేకుండా ఉంచితే బరువు తగ్గుతుంది, కొన్ని చస్తాయి, బోరు మోటారు కరెంటు బిల్లు నాది. కొనడానికి వచ్చిన వ్యాపారి మాత్రం మట్టి వాసన ఉన్న చేపకూ లేని చేపకూ ఒకటే ధర కడతాడు. ఏ పంతులుగారూ నా గట్టు దాకా వచ్చి "వాసన లేని చేపకు కిలోకు పది రూపాయలు ఎక్కువ తీసుకో" అనలేదు. వల లాగే ముందు ఒక రోజు మేత ఆపమని అధికారులు చెబితే అది కూడా మా వైపు సగం మందే పాటిస్తారు, ఎందుకంటే కడుపు నిండిన చేప తక్కెడలో ఎక్కువ తూగుతుంది.

తక్కెడ
చెరువు_గట్టు గారు ఇంత నిజాయితీగా ఒప్పుకోవడం చూసి నాకు నోట మాట రాలేదు. ఆ కడుపులోని తవుడును నేను చేప ధరకు కొని, కత్తిపీట మీద కోసి, కాలువలో పారేస్తున్నాను.

నీటి_రంగు
కడుపు నిండిన చేప విషయం తూకం మోసంతో ఆగదు, పంతులుగారి రెండో ఆదివారానికి అందులో కొంత జవాబు ఉంది. మేత అరిగించే రసాలు చేప చచ్చాక కూడా పనిచేస్తూనే ఉంటాయి, అరిగించడానికి మేత అయిపోతే పేగు గోడను, ఆ తరువాత పొట్ట కండను అరిగిస్తాయి. ముళ్లు కండ వదిలి బయటికి రావడం, పొట్ట పగలడం దాని గుర్తులు. 24 గంటలైనా మేత ఆపిన చేపలో పేగు ఖాళీగా ఉంటుంది కనుక ఈ నష్టం బాగా తగ్గుతుంది.

పర్లాకిమిడి_పాతకాపు
మీరంతా పేగులు, పాచి అంటూ తిరుగుతున్నారు గానీ అసలు విషయం ఎవరూ ఎత్తడం లేదు. లారీ చేప అంటే ఫార్మాలిన్. శవాలు చెడకుండా పెట్టే మందు అది. 2018 జూలైలో అస్సాం ప్రభుత్వం బయటి చేపల రాకను కొన్నాళ్లు ఊరికే ఆపిందా? మా పర్లాకిమిడిలో కొట్టు మీద ఈగ వాలకపోతే ఆ చేపను మేము ముట్టుకోము.

ఐసు_లెక్క
పాతకాపుగారూ, బాగా ఐసులో ఉన్న చల్లని చేప మీద కూడా ఈగ వాలదు. మీ పరీక్ష ప్రకారం వెచ్చగా, ఈగలు ముసిరిన చేప మంచిది, ఐసులో ఉన్నది విషం అని తేలుతోంది. అమ్మేవాళ్లు మీ పరీక్షకు తగినట్టే సరుకును ఎండలో పెట్టడం మొదలుపెట్టారేమోనని నాకు అనుమానం.

నీటి_రంగు
2018లో భయానికి కారణం లేకపోలేదు, ఆ ఏడాది కేరళలోనూ ఫార్మాలిన్ కలిసిన చేపలు పట్టుబడ్డాయి. చేపలో ఫార్మాలిన్ కలపడానికి మన దేశంలో అనుమతి లేదు. కాని పంతులుగారి శీలావతి విషయంలో ఆ అనుమానం నిలవదు. ఫార్మాలిన్ కండను బిగపడుతుంది, చేప రబ్బరులా గట్టిపడుతుంది. దూదిలా విడిపోయింది అన్నారంటే జరిగింది దానికి తలకిందులు. అనుమానం తీరాలంటే కొచ్చిలోని సీఐఎఫ్‌టీ, అంటే కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ, తయారుచేసిన పరీక్ష పట్టీలు ఉన్నాయి. చేప మీద రుద్ది, దానితో వచ్చే మందు చుక్క వేస్తే రంగు మారడాన్ని బట్టి తెలుస్తుంది. ఈగ కంటే అది మేలు.

ఐసు_లెక్క
నేను పదకొండేళ్లు ఒక ఐసు ఫ్యాక్టరీలో లెక్కలు రాశాను కనుక నాకు తెలిసిన భాషలో చెబుతాను. కిలో ఐసు కరిగితే 80 కిలోకేలరీల వేడిని లాక్కుంటుంది. 30 డిగ్రీల వద్ద ఉన్న కిలో చేపను సున్నా డిగ్రీలకు దించాలంటే సుమారు 24 కిలోకేలరీలు తీయాలి. ఆ లెక్కన 300 గ్రాముల ఐసు చాలు. చాలామంది చెరువు గట్టు మీద సరిగ్గా అంతే వేసి చేతులు దులుపుకుంటారు. అది చేపను ఒకసారి చల్లబరచడానికే సరిపోతుంది, ఆ తరువాత పెట్టె గోడల్లోంచి దారి పొడుగునా వచ్చే వేడికి వేరే ఐసు కావాలి. మన ఎండల్లో కిలో చేపకు కిలో ఐసు అనేది అందుకే. భీమవరం వైపు నుంచి బరంపురానికి ఐదు వందల కిలోమీటర్లకు పైగా ఉంటుంది, ఆ లారీల వాళ్లు ఐసు తగ్గిస్తే సరుకు మొత్తం పోతుందని వాళ్లకు తెలుసు కనుక తగ్గించరు.

ఇప్పుడు రెండో లెక్క వినండి. సున్నా డిగ్రీల వద్ద చేప చెడే వేగాన్ని ఒకటి అనుకుంటే 10 డిగ్రీల వద్ద అది నాలుగు, 20 వద్ద తొమ్మిది, 30 వద్ద పదహారు. ఇది చల్లని సముద్రాల చేపల మీద కట్టిన సూత్రం కనుక మన చెరువు చేపకు అచ్చంగా ఇవే అంకెలు రాకపోవచ్చు, కాని దారి అదే. అంటే ఐసు లేకుండా ఒక్క గంట ఎండలో ఉన్న చేప, ఐసులో పదహారు గంటలు గడిపినంత వయసు మీద వేసుకుంటుంది. పదిహేను కిలోమీటర్ల నుంచి మోటారు సైకిలు వెనుక నీలం డ్రమ్ములో, పైన తడి గోనె కప్పుకుని వచ్చే "ఊరి తాజా చేప" రెండు గంటలు దారిలోనూ మూడు గంటలు తార్పాలిన్ మీదా గడిపితే, గట్టు మీదే ఐసు మూటలో పడిన లారీ చేప కంటే అది ముసలిదే.

బరంపురం_పంతులు
మీ లెక్క ప్రకారం లారీ చేప బాగుండాలి కదా. నాది దూదిలా ఎందుకైంది?

తక్కెడ
ఇక నేను చెప్పక తప్పదు. లారీ ఎప్పుడు దిగిందని మీరు అడగలేదు. ఆదివారం కోసం సరుకు శుక్రవారం రాత్రే దిగుతుంది. దిగే వరకు ఐసులోనే ఉంటుంది, ఆ తరువాత కొందరు కొట్టు ముందు పరచడానికి ఐసు తీసేస్తారు, ఎందుకంటే ఐసు కింద ఉన్న చేప కొనేవారికి కనబడదు. శనివారం మిగిలింది రాత్రి మళ్లీ ఐసులోకి, ఆదివారం మళ్లీ బయటికి. మధ్యమధ్యలో బకెట్టులోని నీళ్లు చిలకరిస్తే పొలుసు మెరుస్తుంది. ఆ బకెట్టును మధ్యాహ్నం దగ్గరికి వెళ్లి చూడండి: ఉదయం పోసిన నీళ్లే, పైన నెత్తురు నురగ, అడుగున పొలుసుల మడ్డి, అందులోనే ముంచిన చెయ్యి మళ్లీ మీ చేప మీదికి. నా కొట్టులో రెండు బకెట్లు ఉంటాయి, ఒకటి కోసే దగ్గరకు, ఒకటి చల్లడానికి. దాని కోసం నన్ను బజారులో ఎగతాళి చేస్తారు.

నాగావళి_ఒడ్డు
ఐసు ఏ నీటితో చేశారన్నది కూడా అడగండి. ఐసు దిమ్మను గోనె మీద ఈడ్చుకొచ్చి, రోడ్డు మీదే సుత్తితో కొట్టి, ఆ పెంకులతోనే చేపను కప్పడం నేను రోజూ చూస్తున్నాను. పదునైన పెంకులు చేప చర్మాన్ని గీరుతాయి, గీరిన చోట ముందు కుళ్లుతుంది. మెత్తగా పొడి చేసిన ఐసు చేప ఒంటిని అంటుకుని త్వరగా చల్లబరుస్తుంది. పెట్టె అడుగున కరిగిన నీరు పోయేందుకు కన్నం లేకపోతే కింది వరుస మొత్తం ఆ మురికి నీటిలో నానుతుంది.

వంటింటి_మాట
ఇంతమంది మగవాళ్లు ఇన్ని లెక్కలు కట్టారు గానీ వాసన వచ్చిన చేప ఇంటికి వచ్చేసింది, దాన్ని ఏం చేయాలో ఒక్కరూ చెప్పలేదు. మా అత్తగారు బొచ్చె ముక్కలకు పసుపు, ఉప్పు, చిక్కటి చింతపండు రసం పట్టించి అరగంట ఉంచేవారు, ఆ రసం పారబోసి మళ్లీ కొత్త చింతపండుతో పులుసు పెట్టేవారు. పొట్ట లోపలి నల్ల పొరను, కొవ్వును గీకి తీసేయాలి, నడుము పక్కన పొడుగునా ఉండే ఎర్ర కండను కూడా కొంత తీసేస్తే మంచిది. మా పక్కింటి ఒడియావారు ఆవ ముద్దతో బేసర చేస్తారు, అది కమ్మగానే ఉంటుంది గానీ వాసనను కప్పుతుందే తప్ప తీయదు.

నీటి_రంగు
మీ అత్తగారు చేసింది రసాయన శాస్త్రమే, అమ్మా. పులుపు తగిలితే జియోస్మిన్ అంతగా వాసన లేని మరో పదార్థంగా మారుతుంది. మొత్తం పోదు గానీ తగ్గుతుంది.

రొయ్య_మీసం
చేపల సంగతి మీరు చూసుకోండి, రొయ్యల సంగతి ఒక్క పోస్టులో చెప్పి పోతాను. గంజాం తీరంలో వనామి అనే రకం రొయ్యల చెరువు చేస్తున్నాను. 2009లో వనామి పెంపకానికి మన దేశంలో అనుమతి వచ్చాక అందరమూ కౌంటు, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న మాటే మాట్లాడుతున్నాం, పట్టుబడి రోజు మాట మాట్లాడడం లేదు. అమావాస్యకో పౌర్ణమికో దగ్గరగా పడితే సగం రొయ్యలు కుబుసం విడిచి పెంకు మెత్తగా ఉంటాయి, అవి ఐసు బరువుకే నలిగిపోతాయి. పట్టిన రొయ్యను గట్టు మీద గుట్టగా పోసి తూకం కోసం ఎదురు చూడకూడదు, వల లోంచి నేరుగా ఐసు నీళ్లలోకి పడాలి, అక్కడే చావాలి.

తలలో నల్ల మచ్చ వచ్చిందంటే కుళ్లిందని అందరూ అనుకుంటారు, అది కుళ్లు కాదు, కోసిన వంకాయ నల్లబడినట్టే రొయ్యలోని ఒక ఎంజైము గాలి తగిలి చేసే పని. చూపుకు చెడ్డగా ఉంటుంది, ధర పడిపోతుంది. దాన్ని ఆపడానికి సోడియం మెటాబైసల్ఫైట్‌లో ముంచుతారు. కొలతలో ముంచితే ఫర్వాలేదు. అంతర్జాతీయ కొలత ప్రకారం ఆ మందు వల్ల పచ్చి రొయ్యలో మిగిలే సల్ఫర్ డయాక్సైడు కిలోకు 100 మిల్లీగ్రాములు దాటకూడదు. గట్టు మీద కొలత అంటే దోసిలి. ఉబ్బసం ఉన్నవారికి ఎక్కువైతే ప్రమాదం. మా ఇంట్లో తినడానికి పక్కన పెట్టుకునే రొయ్యకు ఏ మందూ వేయము, తల అక్కడికక్కడే తీసేసి ఐసులో పెడతాము.

పర్లాకిమిడి_పాతకాపు
మీ ఇంటి రొయ్యకు వేయని మందు మా ఇంటి రొయ్యకు ఎందుకు వేస్తారో కూడా చెబితే బాగుండేది.

రొయ్య_మీసం
నల్ల తల రొయ్యను మీరు కొనరు కనుక.

రాయగడ_రైలు
ఈ మొత్తం చర్చలో ఛాడఖాయిని మరిచిపోయారు. కార్తీకం అంతా సగం ఒడిశా చేప ముట్టదు, చివరి ఐదు రోజుల పంచుకలో కొంగ కూడా చేపను ముట్టదంటారు, పౌర్ణమి మర్నాడు, అదే ఛాడఖాయి రోజు, మాత్రం రాష్ట్రం మొత్తం ఒకే ఉదయం బజారు మీద పడుతుంది. ఆ ఒక్క రోజు సరుకు కోసం ఎన్ని రోజుల ముందు నుంచి పట్టి పెట్టెల్లో పోస్తారో తక్కెడగారు చెప్పాలి.

తక్కెడ
నాలుగైదు రోజుల ముందు నుంచి. సరిగ్గా ఐసులో ఉంటే నాలుగు రోజులు చేపకు పెద్ద విషయం కాదు, రెండు వారాల దాకా తినదగినట్టే ఉంటుంది. ఆ రోజు ఐసుకే కరువు వస్తుంది, అదీ బాధ. నేను ఆ రోజు చేప తినను.

చెరువు_గట్టు
మొన్న నేను కోపంలో రాసిన మాటలు మళ్లీ చదువుకున్నాను. మట్టి వాసన విషయంలో పాచి నా చెరువులో ఉన్న మాట నిజం, గత ఏడాది కోళ్ల ఎరువు చవకగా దొరికిందని ఎక్కువ వేశాను. కొందరు భువనేశ్వర్ దగ్గరి కౌసల్యగంగలోని చేపల పరిశోధన సంస్థ వారి జయంతి రోహు, అంటే శీలావతిలోనే ఒక రకం, వేయమన్నారు. అది త్వరగా పెరిగే జాతి, నేను వేశాను, పెరిగింది, వాసన మాత్రం పాత చేపకు వచ్చినట్టే వచ్చింది. జాతి మారితే నీరు మారదు. వంద కిలోలు ముందుగా అడిగితే సిమెంటు తొట్టెలో బోరు నీరు పెట్టి ఆరు రోజులు ఉంచి ఇస్తాను, కాని తొట్టెలో వేసే ముందు తూకానికే డబ్బు.

బరంపురం_పంతులు
మా వీధిలో తొమ్మిది ఇళ్లు కలిసి చెరువు_గట్టు గారి షరతుకు ఒప్పుకున్నాము. వంద కాలేదు, నలభై రెండు కిలోలు అయింది, ఆయన పెద్ద మనసుతో సరేనన్నారు. ఆరో రోజు తెల్లవారుజామున ఐదింటికి తొట్టె దగ్గరకు వెళ్లాను. నీటి అడుగున చేపల వీపులు కనబడేంత తేటగా ఉంది. ఒక్కొక్కటే చిన్న వలతో ఎత్తి నేరుగా ఐసు నీళ్ల డ్రమ్ములో వేశారు, రెండు నిమిషాల్లో తోక కొట్టుకోవడం ఆగిపోయింది. కోసినప్పుడు పేగు ఖాళీగా, దారంలా ఉంది. నా వంతు చేప తొట్టెలోకి వెళ్లేటప్పుడు 2,140 గ్రాములు, వచ్చేటప్పుడు 2,060. ఎనభై గ్రాములకు డబ్బిచ్చి గాలి కొన్నానని మా ఆవిడ అంది.

తోక ముక్కలోనూ నడుము ముక్కలోనూ వాసన లేదు. పొట్ట ముక్కలో కొద్దిగా ఉంది, తెలిసినవాడు వెతికితే దొరికేంత. మనవడు వెతకలేదు, తిన్నాడు. ఒక విషయం మాత్రం చెప్పాలి: ఆరింటికి కోసి ఏడింటికే పొయ్యి మీద పెట్టిన ఇంట్లో ముక్క బిరుసుగా ఉందన్నారు, మేము మధ్యాహ్నం దాకా ఐసులో ఉంచి వండితే మెత్తగా, విడిపోకుండా వచ్చింది.

నీటి_రంగు
చచ్చిన కొన్ని గంటలు చేప ఒళ్లు బిగుసుకుని ఉంటుంది, ఆ సమయంలో వండితే బిరుసుగానే ఉంటుంది. పొట్ట వాసన కోసం వచ్చేసారి పది రోజులు ఉంచి చూడండి.

చెరువు_గట్టు
పది రోజులు ఉంచితే కిలోకు పన్నెండు రూపాయలు ఎక్కువ అవుతుంది. మూడు చేపలు తొట్టెలో చచ్చాయి, వాటి లెక్క నేను పంతులుగారికి చెప్పలేదు, నా మీదే వేసుకున్నాను. వచ్చే పట్టుబడి అమావాస్య వెళ్లాక గురువారం. ఐసు పెట్టెలు ఎవరివి వారు తెచ్చుకోవాలి.

వంటింటి_మాట
మా ఇంటికి నాలుగు కిలోలు రాసుకోండి. పన్నెండు రూపాయలు ఇస్తాను, చచ్చిన చేపల లెక్క మాత్రం ముందే చెప్పండి.

తక్కెడ
ఆ తొట్టె ఒకటి నా కొట్టు వెనుక కట్టించుకుంటే ఎంతవుతుందో చెరువు_గట్టు గారు చెప్పగలరా? బోరు ఉంది, మోటారు లేదు.